గస్ గ్రిస్సమ్: రెండు తలుపుల కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాస్తాననే ఆయన అనుకుని ఉంటారు. బెత్తం దెబ్బలు, రేగుపళ్ళు, గోడ దూకి మ్యాట్నీకి పోవడం... ఇవన్నీ మా బ్యాచ్‌లో నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం మన సైన్సు గదిలో, నల్లబల్ల మీద మొదటిసారి పేరు చూసిన ఒక మనిషి గురించి రాస్తాను.

1984 ఏప్రిల్ మొదటి వారం. ఒంటిపూట బడులు. నేను ఎనిమిదో తరగతి. రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్ళాడన్న వార్త ఊరంతా పాకింది. ఆ రోజు సైన్సు మాస్టారు పాఠం చెప్పలేదు. వెళ్ళినవాళ్ళ పేర్లు అందరికీ గుర్తుంటాయి గానీ, ఆ నౌకలు పనికొస్తాయో లేదో ముందుగా ఎక్కి చూసినవాళ్ళ సంగతి ఎవరికి తెలుసు అని అడిగి, బోర్డు మీద గస్ గ్రిస్సమ్ అని రాశారు. గంట కొట్టే లోపల సగం కథే చెప్పారు. మిగతా సగం నేను ఇంజినీరునయ్యాక చదువుకున్నాను. తర్వాత తెలిసిన చిన్న విశేషం ఒకటుంది. రాకేశ్ శర్మ బయల్దేరింది ఏప్రిల్ 3న. గ్రిస్సమ్ పుట్టిన తేదీ కూడా అదే, 1926లో.

అసలు పేరు వర్జిల్ ఐవన్ గ్రిస్సమ్. ఊరు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మిచెల్ అనే చిన్న పట్నం. తండ్రి రైల్వేలో సిగ్నల్ పనివాడు. ఏదో ఆటలో స్కోరు కాగితం మీద గ్రిస్ అని పొట్టిగా రాసిన పేరును ఒక మిత్రుడు తలకిందులుగా చూసి గస్ అని చదివాడట. అదే జీవితాంతం నిలిచిపోయింది. ఇండియానాలో బాస్కెట్‌బాల్ అంటే మనకు క్రికెట్ లాంటిది. ఈయన పొట్టివాడు కావడంతో బడి జట్టులో చోటు దొరకలేదు. ఆట మొదలయ్యే ముందు జెండా పట్టుకుని నడిచే స్కౌట్ల బృందంలో మాత్రం ఉండేవాడు. అక్కడ బ్యాండులో డ్రమ్ము వాయించే బెట్టీ మూర్ పరిచయమైంది. 1945లో పెళ్ళి చేసుకున్నారు.

యుద్ధంలో విమానం నడపాలని సైన్యంలో చేరాడు గానీ, శిక్షణ పూర్తికాక ముందే యుద్ధం ముగిసింది. గుమాస్తా పనితోనే సరిపోయింది. తిరిగొచ్చి సొంత ఊళ్ళోనే బస్సుల బాడీలు కట్టే కార్ఖానాలో కుదిరాడు. అక్కడ ఆయన పని స్కూలు బస్సులకు తలుపులు బిగించడం. ఈ మాట పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి.

ఆ పనితో జీవితం గడవదని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చే చదువు ఖర్చు చాలక, వారానికి 30 గంటలు ఒక హోటల్లో హాంబర్గర్లు వేయించాడు. బెట్టీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. 1950లో పట్టా చేతికొచ్చాక వైమానిక దళం, కొరియా యుద్ధం, ఎఫ్-86 జెట్లలో 100 యుద్ధయాత్రలు. ఆ తర్వాత టెస్ట్ పైలట్. కొత్తగా తయారైన విమానాన్ని ఎక్కి, అది ఎక్కడ మొరాయిస్తుందో చూసి, దిగి వచ్చి కాగితం మీద పెట్టే ఉద్యోగం. ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది. మాటలు తక్కువ, రాతలు కచ్చితం.

1959లో నాసా మొదటి విడతగా ఎంచుకున్న ఏడుగురు వ్యోమగాముల్లో ఆయన ఒకడు. వైద్య పరీక్షల్లో పుప్పొడి పడని ఎలర్జీ ఉందని తేలి, దాదాపు చేజారినంత పనైంది. అంతరిక్షంలో పుప్పొడి ఎక్కడిది అని డాక్టర్లనే అడిగి బయటపడ్డాడు. ఆ రోజుల్లో శాన్ డియేగోలో అట్లాస్ రాకెట్లు తయారుచేసే కర్మాగారానికి ఏడుగురూ వెళ్ళారు. కార్మికులనుద్దేశించి మాట్లాడమంటే, గ్రిస్సమ్ తడుముకుని, పని బాగా చేయండి అని మాత్రం చెప్పి కూర్చున్నాడు. ఆ రెండు ముక్కలనే వాళ్ళు పెద్ద బ్యానరు మీద రాయించి షెడ్డులో వేలాడదీసుకున్నారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నో భద్రతా వారోత్సవాల ఉపన్యాసాలు విన్నాను, కొన్ని నేనే ఇచ్చాను. అంత చిన్నదీ, అంత పనికొచ్చేదీ ఒక్కటీ గుర్తులేదు.

ఇక మొదటి తలుపు. 1961 జూలై 21. అమెరికా తరఫున అంతరిక్షానికి వెళ్ళిన రెండో మనిషి గ్రిస్సమ్. నౌక పేరు లిబర్టీ బెల్ 7. ప్రయాణం 15 నిమిషాల 37 సెకన్లు. భూమిని చుట్టింది లేదు. పైకి 190 కిలోమీటర్ల దాకా వెళ్ళి, అట్లాంటిక్ సముద్రంలో దిగడమే. అంతకుముందు షెపర్డ్ వెళ్ళిన నౌకకూ దీనికీ రెండు తేడాలు. దీనికి పెద్ద కిటికీ ఉంది. కొత్త రకం తలుపు కూడా ఉంది. 70 బోల్టులతో బిగించిన ఆ తలుపును, అవసరమైనప్పుడు చుట్టూ ఉన్న పేలుడు తాడు ఒక్క క్షణంలో ఊడదన్నుతుంది. లోపలివాడు రక్షణ పిన్ను తీసి, ఒక బొత్తాన్ని గుద్దాలి.

నౌక నీళ్ళలో చక్కగా దిగింది. గ్రిస్సమ్ తీరికగా స్విచ్చులు ఏవి ఎలా ఉన్నాయో రాసుకున్నాడు. హెలికాప్టర్ వచ్చి నౌకను కాస్త పైకెత్తాక తలుపు తీయాలి. పిన్ను తీసి ఉంచి, వెల్లకిలా పడుకుని ఎదురుచూస్తున్నాడు. ఒక్కసారిగా తలుపు ఎగిరిపోయింది. అల లోపలికొచ్చింది. శిరస్త్రాణం తీసేసి నీళ్ళలోకి దూకాడు. సూటుకు ఆక్సిజన్ గొట్టం తగిలించే రంధ్రం మూయడం ఆ కంగారులో మరిచిపోయాడు. సూటులోని గాలి బయటికి, సముద్రం నీళ్ళు లోపలికి. పైగా, మిత్రులకు జ్ఞాపికలుగా ఇద్దామని జేబులో చిల్లర నాణేల చుట్టలు పెట్టుకున్నాడు. ఆ బరువొకటి. పక్కనే హెలికాప్టర్ నౌకను కాపాడే ప్రయత్నంలో ఉంది. నీళ్ళు నిండిన నౌక దాని శక్తికి మించిన బరువైంది. ఇంజను హెచ్చరిక దీపం వెలగడంతో పైలట్ తాడు వదిలేశాడు. నౌక దాదాపు 4,900 మీటర్ల లోతుకు పోయింది. ఇంకో హెలికాప్టర్ తాడు వేసేసరికి గ్రిస్సమ్ నీళ్ళు మింగుతున్నాడు.

బతికి వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి, జనం వేసిన మొదటి ప్రశ్న తలుపు గురించి. భయపడి తనే గుద్దాడా? విచారణ సంఘం ఆయన తప్పేమీ లేదని తేల్చింది. 1962 అక్టోబరులో షిర్రా తన ప్రయాణం ముగిశాక, ఓడ మీద కూర్చుని అదే రకం తలుపును చేత్తో గుద్ది తెరిచాడు. ఆ బొత్తం వెనక్కి తన్ని చెయ్యి గాయపడింది. గ్రిస్సమ్ చేతి మీద అలాంటి మచ్చ ఏదీ లేదు. ఇంజినీరుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ సందేహం అనేది తుప్పు లాంటిది, పైపైన గీకితే పోదు. తలుపు ఎందుకు ఊడిందో ఈనాటికీ కచ్చితంగా తేలలేదు. హెలికాప్టర్ నుంచి వచ్చిన స్థిర విద్యుత్తు కారణం కావచ్చని పాత ఫిల్ములను శుభ్రం చేసి చూసినవాళ్ళు ఈ మధ్య వాదిస్తున్నారు. ఆ మాట వినడానికి ఆయన లేడు.

ఇలాంటి పరిస్థితిలో చాలామంది తమ తరఫున వాదించుకుంటూ కూర్చుంటారు. గ్రిస్సమ్ తర్వాతి నౌక మీదికి పోయి పడ్డాడు. జెమిని అని ఇద్దరు కూర్చునే నౌక. డిజైను దశ నుంచే కర్మాగారంలో కాపురం పెట్టినట్టు ఉన్నాడు. ఏ మీట ఎక్కడుండాలి, ఏ గేజీ ఎటు తిరగాలి అన్నీ పైలట్ కళ్ళతో చూసి మార్పించాడు. ఇందులో ఒక తమాషా జరిగింది. ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. లోపలి కొలతలన్నీ ఆయనకు సరిపోయేలా కుదిరాయి. తీరా చూస్తే 16 మంది వ్యోమగాముల్లో 14 మంది అందులో పట్టలేదు! మళ్ళీ మార్చాల్సి వచ్చింది. తోటివాళ్ళు దానికి గస్‌మొబైల్ అని పేరు పెట్టారు. బడి బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరకని మనిషి కదా, లోలోపల నవ్వుకునే ఉంటాడని నా ఊహ.

జెమిని 3, మనుషులతో మొదటి జెమిని పరీక్షా యాత్ర. దీనికి ముందు అనుకున్న నాయకుడు షెపర్డ్. చెవి లోపలి జబ్బుతో ఆయనకు కళ్ళు తిరగడం మొదలవడంతో, ఆ చోటు గ్రిస్సమ్‌కు వచ్చింది. తోడు జాన్ యంగ్. నౌకకు గ్రిస్సమ్ పెట్టిన పేరు మోలీ బ్రౌన్. ఎంతకీ మునగని మోలీ బ్రౌన్ అని అప్పట్లో ఒక సంగీత నాటకం బాగా ఆడుతుండేది, అందులోంచి తీసుకున్నాడు. పై అధికారులు మొహం చిట్లించి, ఇంకో పేరు చెప్పమన్నారు. అయితే టైటానిక్ అని పెడదామన్నాడు. చచ్చినట్టు మోలీ బ్రౌన్‌కే ఒప్పుకున్నారు.

1965 మార్చి 23న టైటన్ రాకెట్ మీద బయల్దేరారు. ఐదు రోజుల ముందే సోవియట్ వ్యోమగామి లియొనోవ్ నౌక బయటికి వచ్చి అంతరిక్షంలో తేలాడు. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుతోంది. దాని ముందు మూడు చుట్లు తిరిగి 4 గంటల 52 నిమిషాల్లో దిగిన యాత్ర పేపర్లలో వెలవెలపోయింది. నా లెక్కలో మాత్రం చంద్రుడి దారి అసలు తెరుచుకున్నది ఆ రోజే. ఎందుకో చెబుతాను.

అప్పటిదాకా మనుషులు ఎక్కిన నౌకలన్నీ, మర్క్యురీ అయినా వోస్తోక్ అయినా, కక్ష్యలో మొహం అటూ ఇటూ తిప్పుకోగలిగేవే గానీ దారి మార్చుకోలేకపోయేవి. విసిరిన రాయి ఎటు పోతే అటే. చంద్రుడి దాకా వెళ్ళి రావాలంటే ఒక నౌక ఇంకొక నౌకను వెతుక్కుంటూ వెళ్ళి కలవాలి. అంటే పైలట్ తన ఇష్టప్రకారం కక్ష్యను మార్చగలగాలి. మొదటి చుట్టు చివర, టెక్సాస్ మీదుగా పోతూ, గ్రిస్సమ్ చిన్న థ్రస్టర్లను నిమిషం పైగా మండించాడు. వేగంలో తేడా సెకనుకు 15 మీటర్లే. కానీ కోడిగుడ్డులా ఉన్న కక్ష్య దాదాపు గుండ్రంగా మారింది. మనుషులున్న నౌక ఒకటి కక్ష్య మార్చుకోవడం అదే మొదటిసారి. తర్వాత కక్ష్య తలాన్ని కొంచెం పక్కకు జరిపాడు. మూడోసారి కక్ష్యను బాగా కిందికి దించాడు. తిరుగు రాకెట్లు మొరాయించినా నౌక భూమి మీదికి వచ్చేలా ఆ ఏర్పాటు.

పరీక్షా యాత్ర అన్నాక చిన్న చిక్కులు ఉండనే ఉంటాయి. బయల్దేరిన 20 నిమిషాలకు ఆక్సిజన్ పీడనం పడిపోతున్నట్టు గేజీ చూపింది. యంగ్ కంగారుపడకుండా పక్క గేజీలు చూస్తే అవీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. లోపం ఆక్సిజన్‌లో లేదు, గేజీలకు కరెంటిచ్చే కన్వర్టర్‌లో ఉందని గ్రహించి రెండోదానికి మార్చాడు. ముప్పావు నిమిషంలో పని అయిపోయింది. ఆ తర్వాత అదే యంగ్ జేబులోంచి దొంగతనంగా తెచ్చిన మాంసం శాండ్‌విచ్ ఒకటి తీసి కెప్టెనుకిచ్చాడు. ఒక ముక్క కొరికేసరికి పొడి రాలి తేలడం మొదలైంది, గ్రిస్సమ్ దాన్ని జేబులో కుక్కేశాడు. దీని మీద అమెరికా పార్లమెంటులో విచారణ కూడా జరిగింది!

దిగేటప్పుడు నౌకకు లెక్కగట్టినంత లిఫ్ట్ రాలేదు. అనుకున్నచోటికి సుమారు 80 కిలోమీటర్ల ముందే పడ్డారు. పారాషూట్ కింద నౌక నిలువు నుంచి అడ్డానికి ఒక్క కుదుపుతో మారినప్పుడు గ్రిస్సమ్ శిరస్త్రాణం అద్దం ఎదుటి భాగానికి కొట్టుకుని పగిలింది. నీళ్ళలో పడ్డాక గాలికి పారాషూట్ నౌక ముక్కును నీళ్ళ కిందికి లాగింది. కిటికీలో సముద్రం. నాలుగేళ్ళ కిందటి సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? పారాషూట్‌ను వదిలేశాడు, నౌక నిటారైంది. లోపల ఉడికిపోతోంది. సముద్రపు ఊపుకు వాంతి అయింది. అయినా ఈతగాళ్ళు వచ్చి నౌక చుట్టూ తేలే పట్టీ కట్టేదాకా తలుపు తెరవనివ్వలేదు. మోలీ బ్రౌన్ మునగలేదు. ఇప్పుడు అది ఆయన ఊరి పక్కనే స్ప్రింగ్ మిల్ పార్కులో ఉంది.

రెండో తలుపు దగ్గరికి వస్తున్నాను. ఇది రాయడం నాకు కొంచెం కష్టం.

జెమిని తర్వాత అపోలో. ఆ మొదటి నౌకను పరీక్షించే బాధ్యత కూడా గ్రిస్సమ్‌దే. తోడు ఎడ్ వైట్, రోజర్ చాఫీ. 1967 ఫిబ్రవరి 21న ప్రయాణం. కానీ నౌక కర్మాగారం నుంచి వందకు పైగా మార్పులు పూర్తికాకుండానే వచ్చింది. వాటి వెంట శిక్షణ యంత్రం పరిగెత్తలేకపోయింది. జనవరిలో ఒకరోజు గ్రిస్సమ్ తన పెరట్లోని చెట్టు నుంచి నిమ్మకాయ కోసి, తెచ్చి ఆ శిక్షణ యంత్రానికి వేలాడదీశాడు. మనం దిష్టి తగలకుండా కడతాం. అక్కడ మాత్రం నిమ్మకాయ అంటే పనికిరాని బండి అని తిట్టు.

జనవరి 27న కేప్ కెనెడీలో రిహార్సల్. రాకెట్‌లో ఇంధనం లేదు. అందుకని ఆ పరీక్షను ప్రమాదకరమైన వాటి జాబితాలో చేర్చలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ముగ్గురూ లోపల కూర్చున్నారు. నౌకను బయటి వాతావరణం కంటే కొంచెం ఎక్కువ పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నింపారు. లోపల నైలాన్ వలలు, వెల్క్రో పట్టీలు. మాటలు సరిగ్గా వినపడక గంటల తరబడి ఆలస్యం. రెండు మూడు భవనాల మధ్యే మాట్లాడుకోలేకపోతే చంద్రుడి మీదికి ఎలా పోతామని గ్రిస్సమ్ విసుక్కున్నాడు. సాయంత్రం 6 గంటల 31 నిమిషాలకు మంట అన్న కేక వినపడింది. పది పదిహేను సెకన్లలో నౌక గోడ పగిలింది. ఆ తర్వాత లోపలి నుంచి మాట లేదు.

తలుపు లోపలికి తెరుచుకునే రకం. దీని సంగతి ఆడవాళ్ళకు నాకంటే బాగా తెలుసు. హాకిన్స్ కుక్కర్ మూత లోపలి నుంచి అంచుకు ఆనుకుంటుంది. ఆవిరి పెరిగేకొద్దీ ఇంకా బిగుస్తుంది, ఆవిరి పోతే గానీ రాదు. అర చదరపు మీటరు తలుపు మీద వాతావరణ పీడనంలో పదో వంతు అదనంగా ఉందనుకోండి, అది 500 కిలోల బరువు. మంటతో లోపలి పీడనం అంతకు ఎన్నో రెట్లు పెరిగింది. ఎంత బలవంతుడైనా ఆ తలుపును లాగలేడు. మామూలుగానే దాన్ని విప్పడానికి కనీసం నిమిషంన్నర కావాలి. బయటివాళ్ళు పొగలో మూడు మూతలూ తీసేసరికి ఐదు నిమిషాలు పట్టింది.

బయటికి తెరుచుకునే, పేలుడు బోల్టుల తలుపు పెడదామని తయారీదార్లు మొదట్లో ప్రతిపాదించారు. నాసా వద్దంది. పొరపాటున తెరుచుకుంటే ప్రమాదమని వాదన. అలా తెరుచుకున్న ఉదాహరణ అప్పటికి ఒకటే ఉంది, లిబర్టీ బెల్ 7. మాస్టారు ఆ రోజు బోర్డు మీద రెండు దీర్ఘచతురస్రాలు గీసి, ఒకదానికి బయటికి, ఇంకోదానికి లోపలికి బాణం గుర్తు పెట్టి ఆపేశారు. అవి ఏమిటో నాకు అర్థమైంది పదేళ్ళు పైబడ్డాక.

నాకప్పుడు 27 ఏళ్ళు. ఒక రసాయన కర్మాగారంలో షట్‌డౌన్. కడిగి ఆరబెట్టిన పెద్ద టాంకు. లోపల ఏమీ లేదు. పర్మిట్ కాగితంలో ఖాళీ అని రాసి, ప్రమాదం అన్నచోట లేదు అని పెట్టి, సంతకం చేసింది నేనే. ఆ టాంకుకు వచ్చే నైట్రోజన్ లైను వాల్వు మూసి ఉందని చూశాను గానీ, మధ్యలో ప్లేటు వేయించలేదు. వాల్వు కారుతోంది. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మ్యాన్‌హోల్‌లోంచి దిగిన కుర్రవాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పైనున్న పెద్ద ఫిట్టర్ నన్ను లోపలికి దూకనివ్వలేదు. దిగేముందు ఆ కుర్రవాడి నడుముకు తాడు కట్టిందీ ఆయనే, లాగిందీ ఆయనే. కుర్రవాడు బతికాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చేతిలోని తాడు చుట్ట చుడుతూ, వచ్చేసారి ప్లేటు వేయిద్దాం సార్ అన్నారు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక మాస్టారి బోర్డు గుర్తుకొచ్చింది. తర్వాత అపోలో 204 విచారణ నివేదిక సంపాదించి చదివాను. ఫలానా తీగ వల్లే మంట అంటుకుందని అందులో కచ్చితంగా తేల్చలేకపోయారు. మిగతావి మాత్రం దాచకుండా రాశారు. ప్రమాదం లేదనుకోవడమే పెద్ద ప్రమాదమైంది. నా సంతకం ఉన్న కాగితంలో రాసిందీ అదే కదా.

మంట తర్వాత ఇరవై నెలలు మనుషులతో అపోలో ఎగరలేదు. తలుపును బయటికి, కొన్ని సెకన్లలో తెరుచుకునేలా మార్చారు. నేల మీద ఉన్నప్పుడు నౌకలో నైట్రోజన్ కలిపిన గాలి నింపారు. అంటుకునే సామాను తీసేశారు. 1968 అక్టోబరులో ఆ కొత్త నౌకను మొదటగా పరీక్షించింది, గ్రిస్సమ్ పొరుగింటి మిత్రుడు షిర్రా. చెయ్యి గాయపడ్డ షిర్రాయే.

గ్రిస్సమ్‌కు అప్పటికి 40 ఏళ్ళు. ఆర్లింగ్టన్‌లో సమాధి చేశారు. పర్డ్యూలో ఆయన పేర ఒక భవనం, అక్కడే చదివిన చాఫీ పేర ఇంకొకటి ఉన్నాయి.

1999 జూలైలో అట్లాంటిక్ అడుగు నుంచి లిబర్టీ బెల్ 7ను పైకి తీశారు. 38 ఏళ్ళ బురద కడిగితే లోపల ఆయన తీసుకెళ్ళిన చిల్లర నాణేలు కొన్ని దొరికాయి. దాన్ని బాగుచేసి కాన్సస్ రాష్ట్రంలో ఒక మ్యూజియంలో పెట్టారు. తలుపు కోసం కూడా వెతికారు. దొరకలేదు.